చెయ్యి ఆగిన కాడ పానా

మొన్న మా ఇంట్లో కుక్కరు పిడి ఊగుతాంటే మా పాప, "కొత్తది కొందాం మా, దీన్ని పాత సామాన్లోకి వేసేయ్" అనింది. "దానికేమొచ్చిందే? మర వదులైంది, అంతే. వదులైన దాన్ని పాడైందనకూడదు" అన్యా. అనేసినాక గరిటె చేతిలో పట్టుకోని అట్లే నిలబడిపోయినా. ఆ మాట నాది గాదు. ఆ మాట అనే మనిషి పోయి అప్పటికి తొమ్మిది దినాలు.

ఆమె పేరు ఈడ రాయను. ఊర్లో గూడా ఎవురూ పేరు పెట్టి పిల్చింది లేదు. ముందర "మోటరక్క" అనేవాళ్లు. వెనక అనేవి వేరే ఉండె. నేను మటుకు అక్కా అనే పిల్చినా.

పొట్టి మనిషి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకోని, మింద మొగుని పాత చొక్కా తొడుక్కోని, భుజానికి గోనెపట్ట సంచి. సంచిలో పానాలు. ఆమె మొగుడు బోర్లల్లోకి మోటర్లు దింపే మెకానిక్కు. ఒక ఊర్లో మోటరు ఎత్తే ఇనుప స్టాండు మింద పడి నడుము పోయింది. అప్పట్నుంచి వాకిట్లో మంచమే ఆయన లోకం. అంతకు ముందు ఆమె మొగునితో పాటు పోయి సామాన్లు అందిచ్చేది. ఆయన మంచాన పడిన మూడో నెల సంచి తీసుకోని ఆమే బయల్దేరింది. ముద్దనూరు చుట్టుపక్కల పల్లెల్లో అట్లాంటి పని చేసే ఆడమనిషిని అప్పటికి ఎవురూ చూసింది లేదు.

ఎవురింటికి పోయినా కూసునే ముందర కుర్చీనో మంచాన్నో పట్టుకోని ఒకసారి ఊపేది. మా అత్తకు అది చూస్తే శానా కోపం.

"ఏం, మా ఇంట్లో కుర్చీలు ఇరిగిపోతాయా ఏంది?"

"ఇరగవులే పెద్దమ్మా. కానీ ఏడుస్తాండాయి."

కీచుమనే శబ్దాన్ని ఆమె ఏడుపనేది. సంచిలోంచి చిన్న పానా తీసి, కుర్చీని తిరగేసి, రెండు తిప్పులు తిప్పి, అప్పుడు కూసోని మంచినీళ్లు అడిగేది. మా ఆడపడుచు పెండ్లికి జమ్మలమడుగుకు పట్టుచీర కట్టుకోని వచ్చింది. సంచి మటుకు వదల్లే. ఫోటోకని పెండ్లికొడుకు తరఫోళ్లంతా స్టేజీ ఎక్కి నిలబడింటే, ఈమె బంతిలోంచి లేచి ఎంగిలి చేత్తోనే పోయి స్టేజీ కిందికి తొంగి చూసింది. "ఇంతమంది బరువుకు నాలుగు బోల్టులా? అందులో ఒకటి ఊడి వేలాడతాండాది. దిగండప్పా అందరూ" అని అరిసింది. వీడియో తీసేవాడు "ఎవురీమె, అడ్డం తీయండి" అంటే, "నువ్వు ముందు దిగు, నీ చేతిలో అంత ఖరీదుది ఉండాది" అనింది. అందరూ నవ్వినారు. నవ్వుతానే దిగినారు. ఆమె చెయ్యి కడుక్కోని, స్టేజీ కిందికి దూరి బిగిచ్చి, బయటికొచ్చి, మల్లా బంతిలో కూసోని పాయసం అడిగింది.

బోల్టులు కొనేదానికి ప్రొద్దుటూరు పోతే అంగడాయనకు ఆ పూట బేరం సాగేది గాదు. అందరూ తూకం వేపిచ్చుకోని సంచిలో పోసుకోని పోతారు. ఈమె నేల మింద కూలబడి ఒక్కో బోల్టుకు ఒక్కో నట్టు ఎక్కిచ్చి, వేలితో ఒక్క తోపు తోసి వదిలేది. నట్టు గిర్రున చివరిదాకా పోతే కుడిపక్క. మధ్యలో ఆగితే ఎడమపక్క.

"ఏమ్మా, వంకాయలు ఏరుకుంటాండావా?" అనేవాడు అంగడాయన.

"వంకాయ పుచ్చిదైతే కూర పారేస్తా నాయనా. ఇది పుచ్చిదైతే మోటరు మున్నూరు అడుగుల కిందికి పోతాది. నువ్వు దిగి తెస్తావా?"

అరవై కావాలంటే అరవయ్యే కొనేది. ఇంకో నాలుగు ఎక్కువ తీసుకోమ్మా, యాడన్నా పడిపోతాయి అంటే ఒప్పుకునేది గాదు. "ఎక్కువుంటే తప్పు దాక్కుంటాది. లెక్కకు లెక్క ఉంటే, ఒకటి మిగిలినా ఒకటి తగ్గినా అప్పుడే దొరుకుతాది" అనేది. ఆ పని చేసే మగోళ్ల సంచుల్లో ఎప్పుడూ పిడికెడు బోల్టులు ఎక్కువే ఉంటాయి. ఈమె సంచిలో పని అయిపోయినాక పానాలు తప్ప ఇంకేమీ ఉండగూడదు.

నట్టును మొదట్నే పానాతో పట్టుకోనిచ్చేది గాదు. "చేత్తో పోయినంత దూరం చేత్తో పో. చెయ్యి ఆగిన కాడ పానా. మర అడ్డంగా ఎక్కితే చేతికి తెలుస్తాది, పానాకు తెలీదు." ఒకటి బిగిచ్చినాక దాని పక్కది గాదు, ఎదురుది బిగిచ్చాల. "బంతిలో వడ్డిచ్చినట్టు వరసగా పోతే పైపు ఒక పక్కకు వాలుతాది" అనేది. మగోళ్లు బలం చాలదని పానా పిడికి ఇనుప గొట్టం తొడిగి లాగేవాళ్లు. ఆ గొట్టం కంటబడితే చాలు, లాక్కోని చేన్లోకి విసిరేసేది. "నీ బలం మీ అత్తగారింటి కాడ చూపిచ్చుకోప్పా. బోల్టు తెగే దాకా నొప్పని చెప్పదు" అనేది. దాంతో సగం మంది ఆమె పనిని మెచ్చుకుంటానే, ఆమె నోటిని తిట్టుకునేవాళ్లు.

నేను రాయాలనుకునింది ఇది గాదు. ఒక్క పొద్దు గురించి రాయాలని కూసున్యా.

నా పెండ్లయినాక రెండో ఎండాకాలం. మాకు చీనీతోట ఉండాది. బోరు మోటరు కాలిపోయింది. కొత్తది వచ్చేసరికి చెట్లకు నీళ్లు పారక పన్నెండు దినాలు. ఆకు ముడుసుకోని, పిందె కిందికి రాలతాంది. మా ఆయన మోటరక్కను పిల్సుకోనొచ్చినాడు. ఆమెను చూస్తానే మా పెద్దమామ, అంటే మా మామ అన్న, బోరు కాడ అడ్డం నిలబడినాడు.

"బోరంటే గంగమ్మ నోరు. ఆడమనిషి ఆడ నిలబడి ఇనుము తిప్పితే నీళ్లు వెనక్కి పోతాయి."

"గంగమ్మ ఆడదే గదప్పా" అనింది ఆమె. "ఆమెకు లేని అభ్యంతరం నీకెందుకు?" అని, పూజకు తెచ్చిన టెంకాయ తీసుకోని, పానా మింద ఒక్క ఏటుకు రెండు చిప్పలు చేసి ఆయన చేతిలోనే పెట్టింది. పెద్దమామ చిప్పలు పట్టుకోని పక్కకు జరిగినాడు.

బోర్లోకి దించేవి ఇరవై అడుగుల పైపులు. పైపు చివర రొట్టె మాదిరి ఇనుప బిళ్ల ఉంటాది. ఆ బిళ్లకు, ఈ బిళ్లకు నాలుగు బోల్టులేసి బిగిచ్చి, కిందికి దించి, మల్లా ఇంకో పైపు. మాకు పదైదు జాయింట్లు. అరవై బోల్టులు, అరవై నట్లు, అరవై స్ప్రింగు వాషర్లు. స్ప్రింగు వాషరంటే ఒక పక్క తెగిన ఇనుప ఉంగరం. నట్టు కింద దాన్ని పెడితే మోటరు ఎంత అదిరినా నట్టును వదులు కానీదు. నట్టుకు వాషరు జతచేసి అందిచ్చే పని నాకు చెప్పింది. "గోనెపట్ట మింద పెట్టుకో. చేతికి, కొంగుకు, యాడా పెట్టుకోవద్దు. పట్ట ఖాళీ అయితే పనైపోయినట్టు. తెల్సిందా మ్మే?"

తెల్సింది. కానీ పద్దెనిమిదేండ్ల దాన్ని. మగోళ్లు పైపులు దించే చైను లాగుతాంటే ఊరికే కూసోని కూసోని, నాలుగు వాషర్లు ఉంగరపు వేలికి తొడుక్కోని ఆడుకుంటాన్యా. ఏడో జాయింటు కాడ మా అత్త గట్టిగా అరిసింది, "ఏమ్మే, మజ్జిగ తీసుకోరావా, మగోళ్లు ఎండిపోతాండారు" అని. లేచి ఉరికినా. మజ్జిగ పోసి వచ్చి, హడావిడిగా వేలి మింది వాషర్లు లాగి నట్లకు పెట్టి అందిచ్చినా. మూడు వచ్చినాయి. నాలుగోది నా పెండ్లి ఉంగరం పక్కనే బిగుసుకోని ఉండిపోయింది. నేను చూసుకోలే. నాలుగో నట్టు ఉత్తదే అందిచ్చినా.

పదైదు జాయింట్లు అయ్యేసరికి నడినెత్తిన ఎండ. పట్ట ఖాళీ. రెండు గంటలకు కరెంటు వస్తాది, వస్తే తోటకు నీళ్లు. మగోళ్లు చెయ్యి కడుక్కోని చెట్టు కింద సంగటి ముందర కూసున్యారు. నేను గూడా చెయ్యి కడుక్కుంటాంటే ఉంగరం పక్కన గరుకుగా తగిలింది. చూసుకున్యా. నాలుగో వాషరు.

పిడికిలి మూసి కొంగులో పెట్టుకున్యా. చెప్తే మల్లా పైపులన్నీ పైకి పీకాల. కరెంటు పోతాది. ఇంకో దినం చెట్లు ఎండాల. మా అత్త ఏమంటాదో, మా ఆయన ఏమంటాడో. అరవైలో ఒకటి. ఎవురికి తెలుస్తాది?

మోటరక్క దూరం నుంచే నా మొగం చూసింది. దగ్గరకొచ్చి, "చెయ్యి చూపీ" అనింది. చూపిచ్చినా. ఏడుపు ఆపుకోలేకపోయినా. "ఏడో జాయింటక్కా. మజ్జిగకు పోయినప్పుడు" అన్యా. ఆమె నా వేలి నుంచి వాషరు మెల్లగా తిప్పి తీసింది. నన్ను ఒక్క మాట అనలే. వాషరు రెండు వేళ్లతో పైకి పట్టుకోని సంగటి తినేవాళ్ల కాడికి నడిసింది.

"ఇది మిగిలింది. ఏడో జాయింటుది. నా తప్పు. తిని లేయండి, పైకి తీయాల."

సంగటి ముద్ద చేతుల్లోనే ఆగిపోయింది. మా ఆయన, "ఒక్క వాషరే గదక్కా, మిగతా మూడుండాయి గదా" అన్యాడు. పెద్దమామకు ఇదే కావాల్సింది.

"నేను పొద్దున్నే చెప్తిని. ఆడమనిషి చెయ్యి పడితే ఇంతే. మతిమరుపు మనిషిని తెచ్చి బోరు కాడ పెడితిరి."

"మతిమరుపే అనుకోప్పా. లేసి చైను పట్టు" అనింది.

ఎవురూ లేయలే. ఆమె పోయి బోరు మింది పైపు పట్టుకోని నిలబడింది. "నేను బిగిచ్చింది కిందికి పోతే నేను పోయినట్టు. కరెంటు వచ్చినా స్విచ్చి వేయనీను" అనింది. అప్పుడు మా ఆయన లేసినాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లు లేసినారు. ఆ ఎండలో ఎనిమిది పైపులు పైకి పీకినారు. ఏడో జాయింటు కాడ ఆ నట్టు దొరికింది. అందరూ ఒంగి చూసినారు. నట్టు బిగువుగానే ఉండాది. ఏమీ కాలే.

"చూస్తిరా" అన్యాడు పెద్దమామ, "రాయి మాదిరి ఉండాది. దీనికోసమా ఇంత కష్టం?"

"ఈ పొద్దు రాయే. మోటరు నూరుసార్లు అదిరినాక వచ్చి చూడు" అని, నట్టు తీసి, వాషరు పెట్టి, చేత్తో పోయినంత దూరం చేత్తో తిప్పి, చెయ్యి ఆగిన కాడ పానా పెట్టింది. కరెంటు పోయినాక గానీ పని కాలే. తోటకు నీళ్లు మర్నాడు పారినాయి.

నేను నోరు తెరవలే. ఆమె నా తప్పని చెప్పలే, నేను గూడా చెప్పలే.

మోటరు దింపే పని మాట మింద నడిచే పని. ఒక బోరు కాడ తప్పు జరిగిందని పేరొస్తే, మగోనికైతే ఒకసారికి పోనీలే అంటారు. ఈమెకు ఎవురూ అనలే. పెద్దమామ పోయిన ప్రతి ఊర్లో ఆ వాషరు కత చెప్పినాడు. నెలన్నర ఆమెకు పిలుపు రాలే. మంచంలో మొగుడు, ఇంట్లో ఇద్దరు పిల్లోళ్లు. ఒకరోజు శెనక్కాయ చేన్లో కలుపు తీసే కూలోళ్ల వరసలో ఆమెను చూసినా. పానా తిప్పే ఆ చేతిలో కలుపు తొలికె. ఆమె తలెత్తక ముందే నేను పక్కదోవ పట్టినా.

నాలుగు దినాలకు నూనె ప్యాకెట్టు కోసం అంగడికి పోయినా. పక్కన టీ కొట్టు. పెద్దమామ, ఇంకో అయిదారుమంది బల్ల మింద కూసున్యారు. మోటరక్క, మొగునికి బీడీలు కొనుక్కోని పోతాంటే పెద్దమామ, "ఏమ్మా, ఈ పొద్దేమన్నా మిగిలిందా సంచిలో?" అన్యాడు. బల్లంతా నవ్వు.

నా నోరు నేను తెరిచినట్టు లేదు, అదే తెరుసుకునింది. కొత్తకోడల్ని, ఆ వీధిలో పెద్దోళ్ల ముందర తలెత్తి మాట్లాడిన దాన్ని గాదు.

"మర్చిపోయింది ఆమె గాదు పెద్దమామా. నేను. వాషరు నా వేలికి ఉండిపాయ. ఆమె నన్ను కాపాడింది."

నేను ఆమె వైపు చూసినా, సంతోషపడతాదేమోనని. ఆమె మొగం ఎర్రగా అయింది.

"నిన్నెవరు చెప్పమన్యారే?" అని నా మింద అరిసింది. "నట్టు బిగిచ్చింది నీ చెయ్యా? నా చెయ్యా? ఉత్త నట్టు చేతికొస్తే ఉత్తదని తెలియాల్సింది నా చేతికి. తెలీలే. తప్పు నాదే. ఆ పొద్దూ నాదే, ఈ పొద్దూ నాదే. నన్నెవరూ కాపాడబల్లేదు, నేనూ ఎవుర్నీ కాపాడలే."

అని బల్ల వైపు తిరిగింది.

"తప్పు చేసినా. చేసి, పైకి పీకి, సరి చేసినా. మీకు మోటర్లు దింపే మగోళ్లల్లో తప్పు చేసి పైకి పీకినోడు ఒక్కడుంటే చెప్పండి. వాని ఇంటికి పోయి నేనే దండం పెడతా. నా సంచి గూడా వానికే ఇస్తా."

టీ కొట్టాయన పొంగిన పాలు దించుకున్యాడు. మా బోర్ల చరిత్ర ఆ బల్ల మింద కూసున్న ప్రతి మనిషికి తెల్సు. ఎవురి మోటరు ఎన్నో నెలలో తెగి కింద పడిందో, అప్పుడు మెకానిక్కులు "బోల్టులు నాసిరకమప్పా" అని ఎట్ల తప్పిచ్చుకున్యారో అందరికీ తెల్సు. పెద్దమామది గూడా ఒక మోటరు అట్లే కింద ఉండాది. ఇప్పటికీ ఉండాది.

పెద్దమామే టీ గ్లాసు బల్ల మింద పెట్టినాడు. "కొత్త బోరు వేపిచ్చినా. సోమారం మోటరు దింపాల. రా. వాషర్లు నేనే లెక్కబెట్టి అందిస్తా."

"నువ్వొద్దు" అనింది ఆమె. "ఈమె అందిస్తాది. ఒకసారి తప్పు చేసిన చెయ్యి. ఇంగ చూసుకుంటాది."

సోమారం పోయినాం. ఉంగరం ఇంట్లో తీసిపెట్టి పోయినా. పద్దెనిమిది జాయింట్లు. ఆ రోజు నేను మజ్జిగకు లేయలే. మా అత్తే తెచ్చి అందరికీ పోసింది, ఆమెకు గూడా పోసింది.

ఆ బోరు మూడేండ్లు పోసింది. నాలుగో ఎండాకాలం గాలి కక్కి నిలిచిపోయింది. అప్పటికి మా పక్కంతా అట్లే ఉండె, ఎంత లోతుకు పోయినా దుమ్మే. మోటరన్నా వేరే దానికి పనికొస్తాదని పైకి తీసేదానికి మల్లా ఆమెనే పిలిచినాడు పెద్దమామ. పైపు పైపుకు బోల్టులు విప్పుతాంటే ప్రతి నట్టూ పానాకు ఒకసారి మొండికేసి, రెండోసారికి గానీ కదల్లే. ఒక్కటీ వదులు కాలే. డెబ్బై రెండూ పట్ట మింద వరసగా పేర్చింది. బోల్టు, వాషరు, నట్టు. లెక్క సరిపోయింది. పెద్దమామ ఆ వరస చూసినాడు, ఎండిన బోరు నోరు చూసినాడు.

"అన్నీ గట్టిగానే ఉండాయి. ఏం లాభం? నీళ్లే పాయ" అన్యాడు.

ఆమె చేతుల నూనె చొక్కాకు తుడుసుకోని లేసింది.

"నీళ్లకు మరలుండవప్పా" అనింది. "ఉండింటే అవి గూడా బిగిచ్చే పోయేదాన్ని."